అవతలి కొస

2001 కోల్‌కతా టెస్టు గుర్తుందా? ఫాలో ఆన్ ఆడుతూ మన హైదరాబాదీ లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అతనికే ఇచ్చారు. సబబే. కానీ నాలుగో రోజంతా అవతలి కొసలో ద్రావిడ్ ఉన్నాడు. ఆ రోజు ఒక్క వికెట్టూ పడలేదు.

పెళ్లి విందులో వంటవాణ్ణి మెచ్చుకుంటాం. తెల్లవారుజాము నుంచి పొయ్యి ఆరకుండా చూసిందెవరో అడగం.

బహుమతి వద్దనను. మెరిసినవాడికి చప్పట్లు కొట్టాల్సిందే. కాకపోతే అవతలి కొసలోనూ ఒకరుంటారు. బహుమతి ఒక్కరిదే, గెలుపు మాత్రం కాదు.

అదే మ్యాచ్‌లో హర్భజన్ హ్యాట్రిక్ అందరికీ తెలుసు. మూడో వికెట్టు వార్న్‌ది. షార్ట్‌లెగ్‌లో వంగి నిలబడి, ఆ క్యాచ్ ఒడిసిపట్టింది సదగోపన్ రమేశ్. ఆ పేరు తలచుకునేవాళ్లు తక్కువే.