ఒకే మందిరములో పెరిగిన పిల్లలు

ధ్యానభాగము: 1 సమూయేలు 2, 3 అధ్యాయములు

అర్థము తెలియని పసివారిచేత విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను వల్లె వేయించుట న్యాయమేనా? వారు పెద్దవారై తామే కోరుకొనువరకు ఆగరాదా? మన యౌవనస్థులు తరచుగా అడుగు ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

మన కడప ప్రాంతములో దీనికి రెండు వాడుకలుండెను. లండను మిషను వారు 1822లో కడపలో పని మొదలుపెట్టిరి. తరువాత జమ్మలమడుగు వారికొక కేంద్రమాయెను. వారి సంఘములలో ప్రసంగమునకును, సండేస్కూలు బంగారు వాక్యమునకును పెద్దపీట. కలసపాడు, ముత్యాలపాడు వైపున ఎస్.పి.జి. మిషను వారి ఆంగ్లికన్ సంఘములలోనైతే ప్రార్థన పుస్తకము, పండుగల క్రమము, ప్రశ్నోత్తరములు ముఖ్యము. బాప్తిస్మ సమయమున జ్ఞానతల్లిదండ్రులు బిడ్డ పక్షముగా ప్రమాణము చేయుదురు. బిడ్డ ఎదిగి, ప్రశ్నోత్తరములు నేర్చి, బిషప్పుగారు తలపై చేతులుంచు దినమున ఆ ప్రమాణమును తనదిగా ఒప్పుకొనును. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా లండను మిషను సంఘములు అందులో చేరెను. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు పెక్కుమంది చాల యేండ్లు వెలుపలనుండి, పిమ్మట చేరిరి. నేడు ఆ రెండు ధారలును ఒకే సంఘములో ఉన్నవి.

ఆ ప్రశ్నోత్తరములలో మొదటి ప్రశ్న బిడ్డ పేరేమని. ఆ పేరు బిడ్డ కోరి తెచ్చుకొన్నది కాదు, ఇతరులు పెట్టినది. తల్లిభాషయు అంతే. బిడ్డకు వ్యాకరణము తెలియువరకు ఏ తల్లియు మాటలాడక ఊరకుండదు గదా! కాబట్టి అర్థమునకు ముందు మాట నేర్పుట తప్పు కాదు. తప్పు మరియొకచోట నున్నది.

కొన్నేండ్ల క్రిందట ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లెలో మేము పిల్లలకు పాఠము చెప్పుచుంటిమి. పొరుగువానియెడల మన విధి యేమను ప్రశ్నకు, ఎవరిమీదను మనస్సులో పగ యుంచుకొనరాదని ఒక చిన్నది గుక్క తిప్పుకొనకుండ అప్పజెప్పెను. మెచ్చుకొంటిమి. ఆమె కూర్చొనక, “అయ్యగారూ, మా నాయనా మీరూ మాట్లాడుకోరు గదా! ఈ జవాబు మీకు గూడా ఉందా?” అని అడిగెను. పెన్సిలు క్రింద పడినట్లు వంగి మా ముఖము దాచుకొంటిమి.

ఆ రాత్రి ఏలీ కథ తెరచితిమి. షిలోహు మందిరములో హొఫ్నీ, ఫీనెహాసులు పెరిగిరి, సమూయేలును పెరిగెను. వారు యెహోవాను ఎరుగనివారు (2:12). సమూయేలునకును ఆయన యింకను తెలియదు (3:7). దేవుడు పిలిచినప్పుడు ఏమి పలుకవలెనో సమూయేలు స్వయముగా కనిపెట్టలేదు. ఏలీ నేర్పిన మాటనే అప్పజెప్పెను. అయితే ఆ నేర్చిన మాటయే అతని చెవి తెరచెను. అతడు వినినది గురువు ఇంటిమీదనే తీర్పు! ఏలీ తన కుమారులను అడ్డగింపని బలహీనుడే. అయినను తెల్లవారగానే, ఏమియు దాచవద్దని ఆ బాలునితో చెప్పి, విని, తలవంచెను.

మన పిల్లలలో సమూయేలు లెవరో మనకు తెలియదు. కాని మనము నేర్పిన జవాబు మనమీదికే తిరిగి వచ్చు దినమున ఏలీవలె చెవియొగ్గుదుమా, లేక ‘పెద్దల సంగతి నీకెందుకు?’ అని బిడ్డ నోరు మూయుదుమా? నోరు మూసిన దినముననే ఆ పాఠము చచ్చును. తరువాత ఎంత వల్లించినను అది చిలుకపలుకే.

మరునాటి సాయంకాలము ఆ యింటి గడప త్రొక్కితిమి. పాత మాటలన్నియు ఒక్కనాడే తీరలేదు. మంచము వాల్చిరి, చెంబుతో నీళ్లిచ్చిరి. చిన్నది వాకిట నిలిచి చూచుచుండెను. ఆనాటి పాఠము అదియే.

తల్లిదండ్రులారా, ఉపదేశకులారా, పిల్లలకు ప్రశ్నోత్తరములు నేర్పుడి, ఆలస్యము చేయకుడి. అయితే ప్రతి జవాబును వారికంటె ముందు మనము దేవునికి అప్పజెప్పవలసినదని మరువకుందము.