యూనిఫారము విప్పిన తరువాత

వాక్యభాగములు: యాకోబు 2:1-9, యోహాను 19:23-24





మనము బ్రదుకుదెరువు కొరకు వచ్చి నివసించుచున్న ఈ బెంగళూరులో, హలసూరు చెరువు ప్రక్కన మద్రాస్ ఇంజనీర్ గ్రూపువారి సైనిక కేంద్రము కలదు. 1780లో రెండు చిన్న దళములుగా ఆరంభమైన ఈ సేనను మద్రాస్ శాపర్లు అందురు. సైన్యమునకు ముందు నడచి దారి వేయుట, వంతెనలు కట్టుట, మందుపాతరలు తీసివేయుట వీరి పని. ముళ్లకంచెను పేల్చి దారి తెరచు 'బెంగళూరు టార్పెడో' అను గొట్టపు సాధనమును 1912లో ఈ దళమునకు చెందిన కెప్టెన్ మెక్‌క్లింటాక్ ఈ ఊరిలోనే తయారు చేసెను. దక్షిణాది బిడ్డలు, వారిలో మన తెలుగువారును, ఈ దళములో సేవచేసిరి. ఆ కేంద్రములోని మ్యూజియంలో సైనికుల దుస్తులు, టోపీలు, పతకములు భద్రపరచబడియున్నవి. వాటిని చూచినవారికి దేవుని వాక్యము మూడు సంగతులు జ్ఞాపకము చేయును.

మొదటిది, మనిషి బట్టను చూచి మనిషికి వెల కట్టును. భుజముమీది గుర్తును బట్టి ఎవరు ఎవరికి సెల్యూటు చేయవలెనో తెలియును. సైన్యములో అది అవసరమే. అయితే బట్టతో ఒకని గౌరవమును తాకినయెడల ఎంత అనర్థము కలుగునో కూడ చరిత్ర చెప్పుచున్నది. మద్రాసు సైన్యములో సిపాయిలు క్రొత్త రకపు తలపాగా ధరించవలెననియు, నొసటి బొట్టు, గడ్డము ఉండరాదనియు ఆజ్ఞ ఇచ్చినందున 1806 జూలై 10న వేలూరు కోటలో తిరుగుబాటు లేచి, అనేకులు హతులైరి. బట్ట చిన్న సంగతి కాదు. అందుకే యాకోబు భక్తుడు బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి చోటును, మురికి బట్టలతో వచ్చిన పేదవానికి పాదపీఠము దగ్గర చోటును చూపు సంఘమును అంత గట్టిగా గద్దించెను.

రెండవది, ప్రేమ హోదాను చూడదు. ఈ దళమువాడైన సుబేదారు సుబ్రమణియన్ తమిళనాడులోని కాంచీపురం ప్రాంతీయుడు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీ దేశములో మందుపాతరలున్న చోట, ప్రేలుడునకు తన శరీరమునే అడ్డు వేసి, తనతోనున్నవారిని కాపాడి మరణించెను. జార్జి క్రాస్ పతకము పొందిన మొదటి భారతీయుడాయన. ఆలోచించుటకు కొన్ని క్షణములే ఉండెను. ఆ క్షణములలో ఆ సుబేదారు తనకు క్రిందివారెవరో పైవారెవరో లెక్కించలేదు. స్నేహితుల కొరకు ప్రాణము పెట్టుటకంటె గొప్ప ప్రేమ లేదని ప్రభువు చెప్పిన బోధకు ఇది లోకములో ఒక సాదృశ్యము.

మూడవది, మన ప్రభువు వస్త్రములు. ఆయన శిష్యుల పాదములు కడుగునప్పుడు పైవస్త్రము తీసివేసి తువాలు కట్టుకొనెను. ఆ దినములలో అది పనివాని వేషము. రోమా సైనికులు ఎగతాళిగా ఎర్రని అంగీని ఆయనకు తొడిగిరి. సిలువయొద్ద నలుగురు సైనికులు ఆయన వస్త్రములను పంచుకొని, కుట్టులేని అంగీకి చీట్లు వేసికొనిరి. ఆయన ఆస్తి అంతయు అంతే. మనకు తన నీతి వస్త్రమును తొడుగుటకు ఆయన తన వస్త్రమును కోల్పోయెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడు క్రీస్తును ధరించుకొనెనని గలతీ సంఘమునకు పౌలు వ్రాసెను. నీళ్లలోనికి దిగినప్పుడు కంపెనీ మేనేజరును ఒకటే, తాపీ పనివాడును ఒకటే.

ప్రియులారా, ఇప్పుడు మన మధ్యనున్న సంగతికి వత్తము. అనంతపురం, కర్నూలు, పాలమూరు జిల్లాలనుండి వచ్చిన మన సహోదరులనేకులు ఈ నగరములో అపార్టుమెంట్ల గేటు దగ్గర సెక్యూరిటీ యూనిఫారములో రాత్రంతయు నిలువబడుచున్నారు. మన సహోదరీలు కంపెనీలలో హౌస్‌కీపింగు కోటు తొడిగి నేల తుడుచుచున్నారు. అనేకులకు ఆదివారము సెలవు లేదు. ఉదయము డ్యూటీ దిగి, ఇంటికి పోయి బట్టలు మార్చుకొను వేళ లేక, అదే చొక్కాతో ఆరాధనకు వచ్చువారు గుమ్మము దగ్గరనే నిలువబడి, ప్రభువు బల్ల అయిన వెంటనే వెళ్లిపోవుదురు. వారి పేరు ఎవరికి తెలియును? వారము పొడవునా గేటు తెరచి మనకు నమస్కారము పెట్టినవాడు, ఆదివారము దేవుని మందిరములో కూడ గేటు దగ్గరనే నిలువవలెనా?

కాబట్టి మూడు పనులు చేయుదము. ఆలస్యముగా వచ్చినవారి కొరకు ముందు వరుసలో చోటు ఉంచుదము. ఆరాధన ముగిసిన తరువాత వారి పేరు, ఊరు, ఇంట్లోనివారి క్షేమము అడిగి, వారితో కలిసి టీ త్రాగుదము. డ్యూటీ కారణముగా ఉదయము రాలేనివారి కొరకు నెలకు ఒక సాయంకాలమైనను వాక్యమును, ప్రభువు బల్లను ఏర్పాటు చేయుదము. ఇందుకు పెద్ద కానుక అక్కరలేదు, మనస్సు కావలెను.

ఒక దినమున మనమందరము ఈ లోకపు యూనిఫారమును విప్పవలసినవారమే. అప్పుడు ప్రభువు మన భుజముమీది గుర్తును చూడడు. బట్టలేనివానికి బట్ట ఇచ్చితిమా, పరదేశిని చేర్చుకొంటిమా అని అడుగును. ఈ ఊరిలో మనమందరము పరదేశులమే గనుక, ఆ ప్రశ్నకు జవాబు మనకు తెలిసియుండవలెను.

అట్టి మనస్సును ప్రభువు మన సంఘములన్నిటికి దయచేయును గాక. ఆమేన్.