రహస్యమును చెప్పివేసిన బలవంతుడు

ధ్యానభాగము: న్యాయాధిపతులు 16:4–22



సమ్సోను బలాఢ్యుడని మన ఆదివారపు బడి పిల్లలును ఎరుగుదురు. గాజా పట్టణపు తలుపులను ఊడబెరికి భుజములపై మోసికొనిపోయిన ఆ మనుష్యుని ఫిలిష్తీయులు బలముచేత గెలువలేకపోయిరి. అయినను అతడు ఓడిపోయెను. ఎట్లు? రహస్యమును అతడే చెప్పివేసెను. దెలీలా ఒకసారి అడిగి మానలేదు. మూడుమారులు అతడు ఏదో చెప్పి తప్పించుకొనెను. ఆమె అనుదినము వేధింపగా విసిగిపోయి, నాలుగవమారు ఉన్నదున్నట్లు బయటపెట్టెను. ఆమె ప్రేమ మాటల వెనుక, ఒక్కొక్క సర్దారు ఇచ్చెదనన్న 1,100 వెండి నాణెములు ఉన్నవి.

మన భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల గ్రామములలో పూర్వము ఇంటి సొమ్ము గాదెలోను, పెట్టెలోను ఉండెడిది. నేడు ఉపాధి హామీ కూలి, తునికాకు బోనసు, ధాన్యము అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాలో పడుచున్నవి. ఆ ఖాతాకు సెల్‌ఫోనే వాకిలి. పాస్‌వర్డు, పిన్ దాని గడియ. దొంగ ఈ గడియను విరుగగొట్టుట అరుదు. మనచేతనే తీయించుకొనును.

మొదటిది, అడుగువాని స్వరమును గుర్తుపట్టుడి. “బ్యాంకునుండి మాట్లాడుచున్నాను, ఈ రాత్రికే మీ ఖాతా ఆగిపోవును, మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పుడి” అని ఒకడు తొందరపెట్టును. ఆలోచింపనీయని ఆ తొందరయే దెలీలా గుర్తు. ఏ బ్యాంకువారును ఫోనులో పిన్, ఓటీపీ అడుగరు. యూపీఐలో డబ్బు పంపుటకే పిన్ కావలెను గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. స్నేహితుని పేరిట వాట్సాప్‌లో వచ్చి ఆరంకెల సంఖ్య అడిగినను ఇయ్యకుడి. ముందు అతనికే ఫోను చేసి గొంతు వినుడి. గొఱ్ఱెలు అన్యుని స్వరమును వెంబడింపవని ప్రభువు చెప్పెను గదా.

రెండవది, గడియను గట్టిగా చేయుడి. సంఘ దర్శనమునకు వెళ్లినప్పుడు ఒక పెద్దమ్మ కార్డు కవరుమీద నాలుగంకెలు వ్రాసియుండుట చూచితిని. “మర్చిపోతానని రాయించుకున్నానయ్యగారూ” అనెను. ఆమెను గద్దించుటకు నాకు నోరు రాలేదు. ఆ అంకెలు ఆమె పుట్టిన సంవత్సరమే. నాలుగంకెల పిన్‌లు 10,000 కలవు. పుట్టిన సంవత్సరమును పెట్టుకొన్నయెడల ఆధార్ జిరాక్సు చూచినవానికి ఒక్క ప్రయత్నమే చాలును. కార్డుతోపాటు పిన్ ఉంచుట, తాళముతోపాటు చెవిని వ్రేలాడదీయుటయే. వ్రాసికొనక తప్పనియెడల ఇంటి పెట్టెలో వేరుగా దాచుడి.

పాస్‌వర్డు పెట్టుచోట పేరు, ఫోను నంబరు వలదు. సంబంధములేని నాలుగు మాటలను కలిపిన పొడవైనది మేలు. ఒకే పాస్‌వర్డును అన్ని ఖాతాలకు పెట్టకుడి. ఒకచోట దొంగ చేత చిక్కినది అన్ని వాకిళ్లను తెరచును. ఈమెయిలు పాస్‌వర్డును మరి జాగ్రత్తగా కాపాడుడి. తక్కిన ఖాతాల పాస్‌వర్డులను మార్చుటకు లంకెలు అక్కడికే వచ్చును. రెండంచెల తనిఖీ ఉన్నచోటనెల్ల దానిని పెట్టుకొనుడి. నెహెమ్యా దినములలో ఎవరి ఇంటికి ఎదురుగానున్న గోడను వారు బాగుచేసికొనిరి. అట్లే మనమును చేయుదము.

చదువుకొన్న యౌవనస్థులారా, అవ్వతాతలు ఫోను మీ చేతికిచ్చి పిన్ కూడ చెప్పుచుందురు. మీరు దానిని అడుగకుడి. వారిచేతనే నొక్కించి, ముఖము అటు త్రిప్పుకొనుడి. అదియు ప్రేమయే.

మూడవది, మోసపోయినవారిని ఎగతాళి చేయకుడి. “ఇంత తెలివితక్కువా?” అను మాటకు భయపడి అనేకులు నోరు మూసికొందురు. ఆ మౌనమే దొంగకు కావలసిన సమయము. డబ్బు పోయెనని తెలిసిన క్షణముననే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు తెలుపవలెను. సొమ్ము చేతులు మారకమునుపు చెప్పినయెడల దానిని ఆపుటకు వీలుండును. కనుక మోసపోయినవాడు మొదట పరుగెత్తి రాదగిన ఇల్లు మన ఇల్లు కావలెను.

సమ్సోను కథ చెరసాల తిరుగటియొద్ద ముగియలేదు. గొరిగింపబడిన తల వెండ్రుకలు మరల మొలవ మొదలుపెట్టెనని గ్రంథము చెప్పుచున్నది. పోగొట్టుకొన్న మనుష్యుని దేవుడు విడిచిపెట్టలేదు, మనమును విడువరాదు.

ప్రార్థన: ప్రభువా, పావురమువలె నిష్కపటులమై, సర్పమువలె వివేకులమై యుండునట్లు మాకు నేర్పుము. మా నోటికి కావలి యుంచుము. మోసపోయినవారికి ధైర్యమును, మాకు కనికరమును దయచేయుము. ఆమేన్.