సాహసము – వివేకము

ఒక పని చేయవలెనని క్షణములో నిశ్చయించుకొనుట గుణమా, దోషమా యను ప్రశ్న గ్రంథములలో కంటె గృహములలోనే తఱచుగా పుట్టుచుండును. ఇటీవల కావలిలో మా బంధువుల యింట నట్టి ప్రశ్న యొకటి పుట్టి, మమ్ము మధ్యవర్తులుగా పిలిచిరి. ఆ సంగతిని చదువరులకు నివేదించి, మేము చెప్పిన తీర్పునకు గల కారణములను వివరింపదలచితిమి.

ఆ యింటి చిన్నవాడు నగరమున నుద్యోగము చేయుచు సెలవులకు ఊరికి వచ్చియుండెను. వచ్చినప్పుడెల్ల తెల్లవాఱకముందే లేచి తుమ్మలపెంట సముద్రతీరమున పరుగెత్తుట వాని యలవాటు. ఒక శుక్రవారము సాయంకాలము మిత్రుడొకడు ఫోనులో మాటలాడుచు, ఆదివారము దూరపు కొండలలో 50 కిలోమీటర్ల పరుగు జరుగనున్నదనియు, తనకు కాలు బెణికినదనియు, తన చోటును తీసికొందువా యనియు నడిగెను. అరగంటలో చిన్నవాడు సంచి సర్దుకొని బస్సెక్కెను. తల్లితో మిత్రుని చూడబోవుచున్నానని మాత్రమే చెప్పెను. ఆదివారము 36వ కిలోమీటరు దాటునప్పటికి మోకాలు మొరాయించెను. కడుపులో వికారము పుట్టెను. అక్కడి నీళ్ల పందిరికడ నిర్వాహకులకు తన యంకెపత్రము నప్పగించి పరుగు విరమించెను. మఱునాడింటికి వచ్చి జరిగినదంతయు దాచక చెప్పెను.

తల్లి కంట నీరు పెట్టుకొని, చెప్పకుండ పోవుట వెఱ్ఱితనమనెను. తాతగారు మాత్రము పోవుట పౌరుషమే యనియు, నడుమ విడిచి వచ్చుటయే సిగ్గుచేటనియు ననిరి. మే మీ యిరువురితోను పూర్తిగా నేకీభవింపలేకపోతిమి.

ముందీ పరుగెట్టిదో చెప్పవలయును. మారథాను పరుగు దూరము 42.195 కిలోమీటర్లు. 1908లో లండనులో జరిగిన ఒలింపిక్ క్రీడలలో పరుగెత్తిన యా దూరమే తరువాత ప్రమాణమైనది. దానిని మించినది అల్ట్రా మారథాను. 50 కిలోమీటర్లనగా కావలి నుండి నెల్లూరికి గల దూరమునకు కొంచెము తక్కువ. అదియు తారురోడ్డుపై గాదు. రాళ్లును, వేళ్లును, వాగులును, ఎగుడుదిగుడులును గల కొండబాటపై పరుగెత్తవలెను. ఎక్కునప్పుడు గుండెకును, దిగునప్పుడు తొడలకును మోకాళ్లకును పరీక్ష. సముద్రపుటొడ్డున చదునైన యిసుకపై పరుగెత్తినవానికి మొదటి పరీక్ష కొంత తెలియును గాని, రెండవది తెలియదు. మా చిన్నవానికి మోకాలు మొరాయించినది దిగుడులోనే.

సాహసమను మాటనే చూడుడు. ఇప్పుడు మన మా మాటను మెచ్చుకోలుగా వాడుచున్నాము. సంస్కృతమున 'సహస్' అనగా బలము. 'సహసా' యనగా తటాలున, ఆలోచింపక యని యర్థము. స్మృతికారులు వ్యవహారపదములను పదునెనిమిదిగా లెక్కించినప్పుడు, బలముచే చేసిన దౌర్జన్యమును సాహసమను పేర నేరములలో చేర్చిరి. ఒకే మాట యొకచోట నేరమై, వేఱొకచోట బిరుదైనది. పనికి ముందేమున్నది, పని వలన బాధపడువా రెవరు, పని నుండి మరలుటకు దారి యున్నదా – ఈ మూడు ప్రశ్నలకు వచ్చు సమాధానమును బట్టి సాహసము గుణమో దోషమో యగునని మా యభిప్రాయము.

మొదటి ప్రశ్నకు లోకములో మంచి నిదర్శనములు కలవు. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో నూఱు మైళ్ల గుఱ్ఱపు పందెమునందు గార్డీ ఆన్స్‌లీ యనునాతడు గుఱ్ఱము లేకయే, తన కాళ్లపై, 23 గంటల 42 నిమిషములలో గమ్యము చేరెను. వెస్టర్న్ స్టేట్స్ పరుగునకు మూలమా దినమే. చూచువారికిది తిక్క నిర్ణయముగా తోచును. కాని యాతడా దారిని గుఱ్ఱముపై ముందే యెఱిగినవాడు. పరుగునకును క్రొత్తవాడు కాడు. 1983లో ఆస్ట్రేలియాలో సిడ్నీ నుండి మెల్బోర్నుకు 875 కిలోమీటర్ల పందెమునకు క్లిఫ్ యంగ్ అను 61 ఏండ్ల బంగాళదుంపల రైతు వచ్చినప్పుడు జనులు నవ్విరి. ఆయన అయిదు దినముల పదునైదు గంటలలో అందఱికంటె ముందు చేరెను. బహుమాన ధనమును తోడిపరుగువారికి పంచియిచ్చెను. గొఱ్ఱెలను తోలుకొని వచ్చుటకై పొలములలో రేయింబవళ్లు పరుగెత్తుట తన కలవాటని యాయన చెప్పెను. కావున నిర్ణయము క్షణికమైనను బలము క్షణికము గాదు. ఏండ్లతరబడి కూడబెట్టినవాడొక దినమున తటాలున వ్యయపెట్టినచో దానిని దుబారా యనరాదు. కూడబెట్టనివా డట్లు చేసినచో నది యప్పు.

శరీరమునకు తొందర తెలియదు. కొన్ని వారముల సాధనలో ఊపిరియు గుండెయు కొంత బలపడును గాని, కండరములను ఎముకలకు గట్టు నరములు బలపడుటకు నెలలు పట్టును. ఎండకు దేహమలవాటు పడుటకు పది పదునాలుగు దినములు కావలయును. మఱియు దాహము తీరినను భయముచే నీరు మితిమీఱి త్రాగినచో నెత్తురులోని ఉప్పు పలుచనై ప్రాణమునకే ముప్పు రావచ్చును. 2002లో బోస్టను మారథానులో పరీక్షింపబడిన 488 మంది పరుగువారిలో నూటికి 13 గురకు ఉప్పు తగ్గియుండెనని వైద్యులు వెల్లడించిరి. ఇట్టి సంగతులు శుక్రవారము సాయంకాలము విని ఆదివారముదయమునకు నేర్చుకొనదగినవి గావు. ఈ విషయమున తల్లి మాటయే సరియైనది.

రెండవ ప్రశ్న: మన సాహసము నెవరి లెక్కలో వ్రాయుచున్నాము? దేహము నాది, కష్టము నాది యని యువకులందురు. అది సగము నిజము. కొండలో నొకడు పడినచో వానిని మోసికొని వచ్చువారు వేఱు. ఇంటికడ ఫోను మ్రోగినప్పుడు గుండెలు పట్టుకొనువారు వేఱు. మా చిన్నవాడొక విషయమున మాత్రము మెచ్చదగినవాడు. మిత్రుని పేరుతోనే పరుగెత్తుము, ఎవరు చూచెదరని కొందఱు చెప్పినను వినక, నిర్వాహకుల నడిగి తన పేరును, తన రక్తపు వర్గమును, ఆపదలో పిలువవలసిన తల్లి ఫోను సంఖ్యను వ్రాయించెను. పరుల పేరుతో పరుగెత్తువాడు స్మృతి తప్పి పడినచో వైద్యునికి తప్పు వివరములు చేరును. తప్పు తల్లి కబురు వినును. అయితే తల్లి సంఖ్యను కాగితముపై వ్రాయించినవాడు ఆ తల్లితోనే నిజము చెప్పియుండవలదా? చెప్పినచో పోనీయదేమో యని వాడు భయపడెను. పోనీయదను భయమున్నచోటనే చెప్పవలసిన బాధ్యత యెక్కువ. చెప్పకుండుట ధైర్యము గాదు. ధైర్యమున కయిన మొదటి లోటు.

మూడవ ప్రశ్నయే మాకు ముఖ్యము. 2021 మే 22న చీనా దేశములోని గాన్సు రాష్ట్రమున 100 కిలోమీటర్ల కొండపరుగునకు 172 మంది బయలుదేఱిరి. ఎత్తైన చోట గాలివానయు, వడగండ్లును హఠాత్తుగా వచ్చి పడినవి. గాలి నాపు చొక్కాను వెంట నుంచుకొనవలెనను నియమమక్కడ లేకుండెను. చలికి 21 మంది మరణించిరి. వారిలో దేశమంతట పేరు గాంచిన యోధులును గలరు. ఒక గొఱ్ఱెలకాపరి తాను తలదాచుకొన్న గుహలోనికి చేర్చి ఆఱుగురిని బ్రదికించెను. నిర్వాహకుల లోపములు తరువాత విచారణలో తేలినవి. మృతులను నిందించుట మా యుద్దేశము గాదు. కాని గాలి ముదురుట చూచి, ఇంతవఱకు వచ్చితిమిగదా యను మాటకు లొంగక వెనుదిరిగిన కొందఱు ఆనాడు బ్రదికిరి. వారి పేర్లు విజేతల పట్టికలో నుండవు. అయినను వారు చేసినది గొప్ప పని.

దీనికి తాతగారు మంచి యాక్షేపమే తెచ్చిరి. ఆరంభించినదానిని విడువనివాడే యుత్తముడని మనము బాలురకు నేర్పుచున్నాము. అడుగడుగునకు వెనుదిరుగవచ్చునన్నచో దీక్ష యను మాటకే అర్థముండదుగదా యని వారి ప్రశ్న. మా జిల్లాలోనే దీనికి తగిన నిదర్శనము కలదు. కావలికి పడమట దూబగుంట యను గ్రామమున 1992లో స్త్రీలు సారా దుకాణమును తఱిమివేసిరి. చూచువారికది యొక్కనాటి యావేశము. కాని దాని వెనుక నెన్నో ఏండ్ల కన్నీరును, అంతకు ముందే మొదలైన యక్షరాస్యతా పాఠములలో కలిసి కూర్చుండి చదువుకొన్న మాటలును గలవు. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. ఆ నిషేధము 1997లో సడలినను, నాటి స్త్రీల పని చిన్నదగుట లేదు. ఆ స్త్రీలు నడుమ వెనుదిరిగియున్నచో నష్టము వారి బిడ్డలకు. మా చిన్నవాడు వెనుదిరిగినందున నష్టమెవరికి? వాని గర్వమునకు మాత్రమే. పరుల మేలునకై పూనిన దీక్షను విడుచుట ద్రోహము. తన గర్వమునకై పూనినదానిని, దేహము వలదన్నప్పుడు విడుచుట వివేకము. ఈ రెండింటికి నొకే పేరు పెట్టుట వలననే తాతగారికా పొరపాటు కలిగినది.

మఱియొక సంగతి. హఠాత్తుగా బయలుదేఱినవానికి హఠాత్తుగా ఆగుట మిక్కిలి కష్టము. బయలుదేఱునప్పుడు ఉత్సాహము తోడుండును, మిత్రులు చప్పట్లు చఱతురు. ఆగునప్పుడు తోడెవ్వరును లేరు. పందిరికడ కూర్చుండి, తనను దాటి పోవువారిని చూచుచు, ముందుకు పోవు శక్తి యింకను కొంచెమున్నట్లు తోచుచుండగా, చాలునని యంకెపత్రమును విప్పి యిచ్చిన క్షణమున మా చిన్నవాడు ఆ రెండు దినములలో మొదటిసారి నిజముగా నాలోచించి నిర్ణయించెను. శుక్రవారపు నిర్ణయము మిత్రుని మాటది. ఆదివారపు నిర్ణయము వానిది.

కావున మేము చెప్పిన తీర్పిది. చెప్పకుండ పోయినందులకు తల్లిని క్షమాపణ వేడవలెను. కొండకు వలసిన సాధన చేయకపోయినందులకు నాఱు నెలలు కొండలెక్కి నేర్చుకొనవలెను. ఉదయగిరి దుర్గము మన జిల్లాలోనే యున్నది. ఆగివచ్చినందులకు మాత్రము ఎవరికిని సంజాయిషీ చెప్పనక్కఱలేదు.

గృహస్థులగు మా చదువరులకును ఒక విన్నపము. సగములో విడిచి వచ్చిన బిడ్డను గుమ్మమున నిలిపి హేళన చేసినచో, వాడు రెండవసారి వెనుదిరుగడు. ఆ రెండవసారి యే గాన్సు కొండయో కావచ్చును. కావలి యను మాటకు కాపుదల యని యర్థము. బిడ్డలను బయటికి పోనీయకుండుట కాపుదల గాదు. ఓడియైనను ఇంటికి రావచ్చునను ధైర్యమును వారికిచ్చుటయే కాపుదల.

మే మీ మాటలు చెప్పి ముగించునప్పటికి తల్లి మజ్జిగ తెచ్చి కొడుకు చేతికిచ్చెను. తాతగారు కొంతసేపు మాటలాడక, 36 కిలోమీటర్లనగా నెల్లూరి దారిలో మూడింట రెండు వంతులుగదా యని తమలో తాము లెక్కించుకొని, మోకాలి కేమైన రాచితివా యని మనుమని నడిగిరి.