అమ్మను అడిగితిమా?



తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞను మనము ఆదివారపు బడిలో పిల్లలచేత కంఠస్థము చేయించుచున్నాము. (మనము దీనిని అయిదవదిగా లెక్కింతుము, లూథరను సహోదరులు నాలుగవది యందురు. ఎన్నవదైనను ఆజ్ఞ యొక్కటే.) అయితే నిర్గమకాండము 20వ అధ్యాయము నెమ్మదిగా చదివినయెడల, అక్కడ దేవుడు పిల్లలతో మాత్రమే మాటలాడుట లేదని తెలియును. కుమారులును కుమార్తెలును, దాసదాసీలును, పశువులును గల యింటి యజమానులు ఆయన యెదుట నిలిచియున్నారు. అట్టివారి తలిదండ్రులు వృద్ధులైయుందురు గదా.

అన్నము పెట్టుట, మందులు కొనుట, ఆసుపత్రికి తీసికొనిపోవుట, ఇవన్నియు సన్మానమే. మనలో అనేకులు వీటిని శ్రద్ధగానే చేయుచున్నారు. నేనడుగగోరినది వేరొక ప్రశ్న. అన్నము పెట్టువానికి, ఆ అన్నము తినువారి విషయమై నిర్ణయము చేయు అధికారము కూడ దానంతట అదే వచ్చునా?

ఇతరుల సంగతి చెప్పుటకంటె నా తప్పే చెప్పుకొనుట మేలు. 2011లో మా తండ్రిగారు ప్రభువునందు నిద్రించిరి. ఆదరణ కూడిక ముగిసి బంధువులు వెళ్లిపోయిన సాయంత్రమున, అన్నదమ్ములము ముగ్గురము వసారాలో కూర్చుండి, అమ్మ ఊరిలో ఒంటరిగా ఉండరాదని తలంచి, ఒక్కొక్కరి యింట నాలుగేసి నెలలు ఉండునట్లు వంతులు వేసితిమి. మాలో ప్రేమ లేక కాదు. అమ్మ కాఫీ తెచ్చి యిచ్చుచు అంతయు వినెను. "ఏమంటావమ్మా?" అని మా తమ్ముడు అడుగగా, "మీ ఇష్టం నాయనా" అనెను. ఆమె ఒప్పుకొనెనని మేము సంతోషించితిమి.

ఈ "మీ ఇష్టం" అను మాటను గూర్చి నేను తరువాత చాల దినములు ఆలోచించితిని. మన తెలుగిండ్లలో దానికి ఎన్ని అర్థములో! పెండ్లి మాటలలో అది సమ్మతి కావచ్చును. కోపములో అది అలుక. కొడుకులమీద ఆధారపడిన తల్లి నోట అది తరచుగా, "నాకిష్టము లేదు, గాని మీకు భారము కాలేను" అనుటయే. అదియుగాక, అంతయు నిశ్చయించిన తరువాత అడుగుట అడుగుట కాదు, తెలియజేయుటయే.

గేదెను పొరుగువారికి ఇచ్చివేసితిమి. ఇంటికి తాళము వేసితిమి. స్త్రీల సమాజపు ప్రార్థనలో ఆమె కూర్చుండు చోటు ఖాళీయగునను తలంపు మాలో ఎవరికిని రాలేదు. మా యిండ్లలో ఆమెకు తిండికిగాని బట్టకుగాని కొదువ లేదు. ఒక సంగతి మాత్రము నా భార్య కనిపెట్టెను. అమ్మ తన చీరలను ఎన్నడును బీరువాలో పెట్టుకొనలేదు. మంచము క్రింద సంచిలోనే ఉంచుకొనెను. "బీరువాలో పెట్టుకోండత్తయ్యా" అంటే, "ఎందుకులేమ్మా, మళ్ళీ సర్దుకోవాలిగా" అనెడిది. అయిదు సంవత్సరములు ఆమె ఆ సంచితోనే తిరిగెను.

2016లో ఆమె జబ్బుపడి స్పృహ కోల్పోయినప్పుడు, ఊపిరి కొరకు యంత్రము పెట్టవలెనా వద్దా అని వైద్యుడు మమ్మును అడిగెను. ఆసుపత్రి వరండాలో ముగ్గురము మూడు మాటలు చెప్పితిమి. ప్రతివాడును "అమ్మయైతే ఇదే కోరును" అనెను. ఆమె నోరు మంచిగా ఉన్న దినములలో ఒక్కడును అడిగియుండలేదు. చివరకు యంత్రము పెట్టించితిమి. తొమ్మిదవ దినమున ఆమె కన్నుమూసెను. మేము చేసినది తప్పో ఒప్పో నేటికిని నేను చెప్పలేను.

2 సమూయేలు 19వ అధ్యాయములో బర్జిల్లయి అను వృద్ధుడున్నాడు. ఎనుబది యేండ్లవాడు. రాజైన దావీదు అతని మేలు మరువక, యెరూషలేమునకు తనతో వచ్చినయెడల పోషించెదనని పిలిచెను. అది నిజమైన ప్రేమ. అయినను ముసలివాడు ఒప్పుకొనలేదు. రుచి తెలియని నోటికి రాజభోజనమెందుకని, తన ఊరిలో, తలిదండ్రుల సమాధియొద్ద చనిపోవుటకు సెలవిమ్మని అడిగి, తనకు బదులుగా కింహామును తీసికొనిపొమ్మనెను. రాజు బలవంతము చేయలేదు. ముద్దు పెట్టుకొని, దీవించి, పంపివేసెను. రాజు మాటకు తిరుగులేని కాలములో ఇది జరిగెనని గుర్తుంచుకొందము.

యోసేపైనను ఒకసారి తొందరపడెను. తండ్రిని ఐగుప్తునకు పిలిపించి పోషించినవాడతడే. యాకోబు మనుమలను దీవించునప్పుడు చేతులు మార్చి పెట్టగా, చూపు మందగించుటవలన పొరబడెనని తలంచి, యోసేపు తండ్రి చెయ్యి పట్టుకొని సరిదిద్దబోయెను. ముసలివాడు ఒప్పక, తనకు తెలియుననెను (ఆదికాండము 48). కన్ను మసకబారినంత మాత్రమున బుద్ధి మసకబారదు. మనము ఈ రెంటిని ఎంత సులభముగా ఒకటిగా చేయుదుము!

అయితే బుద్ధియే మసకబారినయెడల? గ్యాసు పొయ్యి ఆర్పుట మరచువారు, ఇల్లు విడిచి దారి తప్పువారు ఉన్నారు. అట్టివారిని "మీ ఇష్టప్రకారము ఉండుడి" అని విడుచుట గౌరవము కాదు, నిర్లక్ష్యము. అప్పుడు మనమే నిర్ణయింపవలెను. అట్టి దినమున మనకు ఆధారమేమనగా, వారు బాగుండగా మనము అడిగి తెలిసికొనిన మాటలే. మరియొకటి. మేము వంతులు వేసిన సాయంత్రమున మా భార్యలను సహితము అడుగలేదు. నిర్ణయము కొడుకులది, మంచము దగ్గర చాకిరి కోడండ్లది. అడుగబడనివారు ఆ యింట అమ్మ ఒక్కతెయే కాదు.

2007లో వచ్చిన చట్టము ప్రకారము, పోషింపబడని తలిదండ్రులు ట్రిబ్యునలులో అర్జీ పెట్టుకొనవచ్చును. కొడుకులును కూతుండ్రును ఇద్దరును బాధ్యులే. ఆ చట్టములో నెలకు పదివేల రూపాయల పరిమితి పెట్టబడెను. చట్టము రూపాయలు ఇప్పింపగలదు. తల్లి ప్రక్కన కూర్చుండి ఆమె మనస్సు తెలిసికొనుమని ఏ ట్రిబ్యునలు ఆజ్ఞాపింపగలదు? మా అమ్మ విషయములో మాకు లేకపోయిన కాగితమొకటి ఇప్పుడున్నది. కోలుకొనలేని రోగములో యంత్రములతో ప్రాణము నిలుపుట తనకు వలదని ముందుగానే వ్రాసి యుంచుకొనుటకు సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకొనెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసెను: ఇద్దరు సాక్షులుండి, నోటరీ లేక గెజిటెడ్ అధికారి యెదుట వ్రాసిన చాలును. వ్రాయవలెనో వద్దో ఎవరి మనస్సాక్షి వారిది. దానిని గూర్చి ఇంటిలో మాటలాడుట మాత్రము అపశకునమని భయపడనక్కరలేదు.

గత నెలలో మా అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, మీరిద్దరూ ఇక్కడికే వచ్చేయండి, గది సర్దించాను" అనెను. "నీ ఇష్టం నాయనా" అంటిని. నా భార్య నా ముఖము వైపు చూచెను. మరునాడు నేనే మరల ఫోను చేసి, క్రిస్మసు వరకు కదలమనియు, మిగిలినది వాడు వేసవికి వచ్చినప్పుడు నలుగురము కూర్చుండి మాటలాడుకొందమనియు చెప్పితిని. వాడు కొంతసేపు ఊరకుండి, "అయితే అమ్మ ఏమంటోంది?" అని అడిగెను. ఫోను ఆమెకు ఇచ్చితిని.