లేని చోట లేకపోవడం

కంటికి అందని దానిని ఒక గుర్తును బట్టి తెలుసుకోవచ్చునా అన్న ప్రశ్నకు చార్వాకులు తెలుసుకోలేమనీ, నైయాయికులు, బౌద్ధులు తెలుసుకోవచ్చుననీ సమాధానం చెప్పారు. అయితే ఏ నియమాలకు లోబడి తెలుసుకోవచ్చునన్న విషయం మీద మాత్రం శతాబ్దాల పాటు వాదం నడిచింది. ఆ నియమాలను బిగించిన వారిలో అగ్రగణ్యుడైన బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు కంచి ప్రాంతంలో పుట్టాడని సంప్రదాయం చెబుతుండగా, 7వ శతాబ్దిలో ఆంధ్రదేశానికి వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్, రాజధానికి సమీపంలోని ఒంటరి కొండ మీద ఆయన హేతువిద్యా గ్రంథాన్ని రచించాడని రాశాడు. ఆ రాజధాని వేంగి అనీ, అది ఏలూరుకు దగ్గరలోని నేటి పెదవేగి అనీ చరిత్రకారులు గుర్తించారు.

దిఙ్నాగుని మతంలో హేతువుకు, అంటే దేనిని బట్టి ఊహిస్తామో ఆ గుర్తుకు, మూడు లక్షణాలు ఉండాలి. పొగను బట్టి కొండ మీద నిప్పున్నదని చెప్పాలంటే ఆ పొగ కొండ మీద, అంటే పక్షంలో, ఉండాలి; నిప్పు ఉన్నదని ముందే తెలిసిన వంటశాల వంటి చోట, అంటే సపక్షంలో, కనిపించి ఉండాలి; నిప్పు లేదని తెలిసిన చెరువు వంటి చోట, అంటే విపక్షంలో, ఎక్కడా కనిపించకూడదు. మొదటి రెండింటినీ సామాన్యబుద్ధి కూడా అడుగుతుంది. శాస్త్రాన్ని శాస్త్రంగా నిలబెట్టేది మూడవది.

ఈ మూడవ లక్షణం విలువ ఈనాటి జీవశాస్త్ర ప్రయోగశాలలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. కణంలో ఏ జన్యువు ఎప్పుడు పలకాలో నిర్ణయించే ప్రొటీన్లను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. వాటిలో క్రెబ్ అనేది దీర్ఘకాలిక స్మృతి ఏర్పడడానికి అవసరమైనది. దాని 133వ స్థానంలోని సెరిన్ అనే అమైనో ఆమ్లానికి ఒక ఫాస్ఫేటు చేరినప్పుడు అది చురుకుదనం పొందుతుందని 1989లో తేలింది. అంత చిన్న మార్పును చూడగల కన్ను లేదు కనుక, ఫాస్ఫేటు చేరిన రూపానికి మాత్రమే అతుక్కునే యాంటీబాడీని, అంటే శరీరం పరాయి పదార్థాన్ని పట్టుకోవడానికి తయారుచేసుకునే ప్రొటీనును, హేతువుగా వాడతారు. యాంటీబాడీ అతుక్కున్న చోట ఒక పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీయే పొగ.

పరీక్షిస్తున్న నమూనా ఇక్కడ పక్షం. మన దేశపు మొక్క వేరు నుంచి తీసిన ఫోర్‌స్కోలిన్‌తో ఉత్తేజపరచి క్రెబ్‌కు ఫాస్ఫేటు చేరేలా చేసిన కణాలు సపక్షం. ఫాస్ఫేటును ఊడదీసే ఫాస్ఫటేజ్ అనే ఎంజైముతో కడిగిన అదే నమూనా విపక్షం. అందులోనూ పట్టీ కనిపిస్తే అది హేతువు కాదు, హేత్వాభాసం, అంటే హేతువులా కనిపించేది మాత్రమే. గుర్తు ఇలా మోసగించడం కేవలం ఊహించిన ప్రమాదం కాదు. క్రెబ్‌కు దగ్గరి చుట్టమైన ఏటీఎఫ్-1లో ఆ సెరిన్ చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాల వరుస దాదాపు అదే కావడం వల్ల, క్రెబ్ కోసం చేసిన యాంటీబాడీలు ఫాస్ఫేటు చేరిన ఏటీఎఫ్-1ను కూడా పట్టుకుంటాయి. నైయాయికులు దీనినే వ్యభిచారం అన్నారు: గుర్తు తన గమ్యాన్ని వదిలి మరొక చోటికి పోవడం. ప్రొటీన్లను పరిమాణం ప్రకారం విడదీస్తే రెండు పట్టీలూ వేరుగా తెలుస్తాయి. విడదీయకుండా కణంలోనే రంగు వేసి చూసేవారికి ఆ తేడా అందదు. విపక్షాన్ని చూపని ఫలితాన్ని జ్ఞానమని పిలవడం తొందరపాటే.

దిఙ్నాగుని అపోహ సిద్ధాంతం కూడా ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. నేటి తెలుగులో అపోహ అంటే తప్పుడు అభిప్రాయం కాని, ఆయన వాడుకలో అది తొలగించడం: 'ఆవు' అనే మాట ఆవు కాని వాటన్నిటినీ తోసివేయడం ద్వారానే అర్థాన్ని ఇస్తుంది. కుందేలు రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను శుద్ధి చేసే పద్ధతీ అలాంటిదే. ఫాస్ఫేటు లేని క్రెబ్ ముక్కను తగిలించిన గొట్టం గుండా వాటిని పంపి, అక్కడ అతుక్కున్న వాటిని పారవేసి, అతుక్కోకుండా జారిపోయిన వాటిని మాత్రమే ఉంచుకుంటారు.

అయినా పట్టీ చెప్పేది లక్షల కణాలను కలిపి నూరిన ముద్దను గురించి. ఏ ఒక్క కణంలో ఏం జరిగిందో అది చెప్పదు. అనుమానానికి, అంటే గుర్తును బట్టి తెలుసుకోవడానికి, అందేది సామాన్యమే గాని విశేషం కాదన్న దిఙ్నాగుని మాటను ఇక్కడ కాదనడం కష్టం.

ఉండకూడని చోట ఉండడం గుర్తును చెడగొడితే, ఉండవలసిన చోట లేకపోవడం ఒక్కొక్కప్పుడు కొత్త వస్తువునే చూపుతుంది. భీమవరంలో 1895లో పుట్టి రాజమండ్రిలో కొంతకాలం చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి ఫాస్ఫరసును నీలిరంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరపు నమూనాలో ఆ నీలం రావలసినంత త్వరగా రాకపోవడాన్ని వారు పొరపాటుగా కొట్టివేయలేదు. దాని వెంట వెళ్ళి, అక్కడ సులువుగా విడిపోయే ఫాస్ఫేటు సమ్మేళనం ఒకటి దాగి ఉన్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకానికి తెలిపారు. 1929లో వారు కండరం నుంచి వేరుచేసిన ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం విడిగా కనుగొన్నాడు. క్రెబ్ మీద 133వ స్థానానికి చేరే ఫాస్ఫేటు ఆ ఏటీపీ నుంచే వస్తుంది.