పగిలిన తొట్టి

చేపలున్న గాజుతొట్టి పగిలినయెడల, దానిని బాగుచేయుదుమా పారవేయుదుమా అని తర్కించుటకు ముందే చేపలను వేరొక నీటిలో చేర్చుదుము. పెద్ద జలాశయమునకును ఇదే న్యాయము. 2024 ఆగష్టు 10వ తేది రాత్రి తుంగభద్ర ఆనకట్టలో గొలుసు తెగి 19వ గేటు కొట్టుకొనిపోయెను. ఆ నీరే దిగువ కాలువగుండ మన ఆదోని, ఎమ్మిగనూరు పొలములకు వచ్చును. వారములోగా తాత్కాలికపు గేటు దింపి మిగిలిన నీటిని కాపాడిరి. పాతబడిన 33 గేట్లనూ మార్చవలెనను నిర్ణయము పిమ్మట జరిగినది; 1953లో పూర్తియైన ఆనకట్టను ఎవరును వదలుకొనలేదు.

ప్రియులారా, మన సంఘములో ఒకడు త్రాగుడుకు లోబడినప్పుడు, వెలివేయుదుమా అని పెద్దలము కూర్చుందుము. అతని పిల్లలు ఆ పూట తినిరా అని ముందు చూతము. యిర్మీయా చూచిన కుమ్మరి చెడిన పాత్రను ఆ మంటితోనే మరల చేసెను. త్రాగుడు పోవలెను, మనుష్యుడు మనలోనే నిలువవలెను.